ఇచ్చే ద్వారం, పుచ్చుకునే ద్వారం ఒక్కటే

మే నెలలో ఆదివారం ఆరాధన ముగిసేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది. ఆశీర్వాదం అయ్యాక మనలో చాలామందిమి వెంటనే ఇంటికి వెళ్లం. మందిరం ఆవరణలో చెట్టు ఉంటే దాని కింద చేరతాం. పక్కనే రేకుల షెడ్డు ఉన్నా, అందులో ఫ్యాన్లు తిరుగుతున్నా, పెద్దవాళ్ల కుర్చీలు చెట్టు కిందికే జరుగుతాయి. రేకూ నీడ ఇస్తుంది, చెట్టూ నీడ ఇస్తుంది. అయినా రేకు కింద ఉక్కపోస్తుంది, చెట్టు కింద ప్రాణం లేచివస్తుంది. ఎందుకు? రేకు ఎండను ఆపుతుంది గానీ, తాను కాగిపోయి ఆ వేడిని కింద కూర్చున్నవాళ్ల మీదికి దింపుతుంది. ఆకు అలా కాదు. ఎండలో తన పని తాను చేసుకుంటూనే, తనలోని నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతుంది. అలా తాను చల్లబడుతుంది, చుట్టూ ఉన్న గాలినీ చల్లబరుస్తుంది. రేకు ఒట్టి కప్పు. ఆకు ఊపిరి తీసే ప్రాణి.

ఆ ఊపిరి గురించి ఈ వారం కాస్త ఆలోచిద్దాం. మన సంఘాలకు అవసరమైన పాఠం ఒకటి దేవుడు అక్కడ దాచిపెట్టాడని మా నమ్మకం.

మామిడాకును తిరగేసి చూస్తే కంటికి ప్రత్యేకంగా ఏమీ కనబడదు. ఆ అడుగు పొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మాత్రం లెక్కలేనన్ని చిన్న చిన్న నోళ్లు కనిపిస్తాయి. బడిలో వీటినే పత్రరంధ్రాలు అని చదువుకున్నాం. చాలా మొక్కల ఆకుల్లో ఒక చదరపు మిల్లీమీటరు చోటులో, అంటే పెన్సిలు మొనతో పెట్టిన చుక్కంత జాగాలో, ఇవి పదుల నుంచి వందల దాకా ఉంటాయి. ప్రతి రంధ్రానికీ అటొకటి ఇటొకటి చిక్కుడు గింజల్లాంటి రెండు కణాలు కాపలా ఉంటాయి. వాటి పేరే రక్షక కణాలు. వాటిలో నీరు నిండితే అవి ఉబ్బి విల్లులా వంగుతాయి. అప్పుడు మధ్యలో ద్వారం తెరుచుకుంటుంది. నీరు తగ్గితే అవి వడలి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ద్వారం మూసుకుంటుంది. చాలా మొక్కల్లో తెల్లవారి వెలుగు తగలగానే ఈ ద్వారాలు తెరుచుకుంటాయి, చీకటి పడితే మూసుకుంటాయి.

ఆకు మీద మైనం లాంటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర గుండా గాలి గానీ నీరు గానీ అంతగా రాకపోకలు సాగించలేవు. కాబట్టి ఏం రావాలన్నా, ఏం పోవాలన్నా ఎక్కువగా ఈ చిన్న ద్వారాల గుండానే. మొక్క తన ఆహారం తయారుచేసుకోవడానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ ఇక్కడి నుంచే లోపలికి వస్తుంది. మనం పీల్చే ప్రాణవాయువు ఇక్కడి నుంచే బయటికి వెళుతుంది. నీటి ఆవిరి కూడా ఇక్కడి నుంచే వెళ్లిపోతుంది. పుచ్చుకోవడానికి ఒక తలుపు, ఇవ్వడానికి ఇంకో తలుపు లేవు. ఉన్నది ఒక్కటే తలుపు.

ఆకుకు వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది. ఆహారం కావాలంటే తలుపు తెరవాలి. తెరిస్తే నీరు పోతుంది. నీరు దాచుకుందామని మూసుకుంటే ఆహారం రాదు. నష్టం లేకుండా లాభం మాత్రమే వచ్చే ఏర్పాటు ఆకుకు లేదు. వేర్లు కష్టపడి మట్టిలోంచి తోడిన నీటిలో నూటికి తొంభై పాళ్లకు మించి ఈ రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. మొక్క తన ఒంట్లో ఉంచుకునేది చాలా కొద్ది భాగమే. లెక్కలు చూసే మనిషి ఎవరైనా దీన్ని దండగ అనే అంటాడు.

కానీ ఆ దండగే మొక్కను బతికిస్తోంది. ఆకు నుంచి నీరు ఆవిరైపోతున్నప్పుడు దాని వెనుక ఉన్న నీరు పైకి లాగబడుతుంది. ఆ లాగుడు కాడ గుండా, మాను గుండా కింద వేరు చివరి దాకా అందుతుంది. నేలలోని లవణాలను కలుపుకుని కొత్త నీరు పైకి వస్తుంది. తాటిచెట్టు తలదాకా నీరు ఎక్కడానికి మోటారు లేదు. పైన ఆకు వదులుకోవడమే కింద వేరు తోడుకోవడానికి ముఖ్యమైన కారణం. వదలని ఆకుకు కొత్త నీరు సరిగా అందదు.

ఈ సంగతిని మొదట తూకం వేసి చూపించినవాళ్లలో ఒక పాదిరి ఉన్నారని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. ఆయన పేరు స్టీఫెన్ హేల్స్. లండన్ దగ్గర థేమ్స్ నది ఒడ్డున ఉన్న టెడింగ్టన్ అనే ఊళ్లో 1709 నుంచి 1761లో చనిపోయేదాకా సంఘ కాపరిగా సేవ చేశాడు. 1724 వేసవిలో ఆయన కుండీలో పెరిగిన మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను తీసుకున్నాడు. మట్టి నుంచి నీరు ఆవిరి కాకుండా కుండీ మూతిని పలచని సీసపు రేకుతో మూశాడు. తర్వాత పదిహేను రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుండీని తూచాడు. పగటిపూట ఆ మొక్క సగటున అర కిలోకు పైగా నీటిని ఆకుల ద్వారా గాలిలోకి వదులుతోందని తేలింది. 1727లో అచ్చయిన తన పుస్తకంలో ఆ తూకాలన్నీ రాసిపెట్టాడు. మొక్కలు తమ ఆహారంలో కొంత భాగాన్ని ఆకుల ద్వారా గాలి నుంచే తీసుకుంటాయేమోనని కూడా అందులో ఊహించాడు. అది నిజమని తర్వాతి తరాలు రుజువు చేశాయి. వాక్యం చెప్పే చేతులే త్రాసు పట్టుకున్నాయి. దేవుని సృష్టిని శ్రద్ధగా చూడటం కూడా ఆయనకు ఆరాధనే.

హేల్స్ సంగతి ఇంకొంచెం మిగిలి ఉంది, చివర్లో చెబుతాం. ముందు మన సంగతి చూసుకుందాం.

మన సంఘాల్లో చాలావాటి తలుపులు ఆదివారం తెరిచే ఉంటాయి. గేటు తీసి ఉంటుంది, మైకు మోగుతుంది, వాకిట్లో చెప్పుల వరసలు కనబడతాయి. అయినా లోపల రక్షక కణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. సంఘం పేరున బ్యాంకులో డిపాజిట్టు ఉంటుంది. అదే సంఘంలో ఒక విధవరాలు కూతురి కాలేజీ ఫీజు కోసం వడ్డీకి అప్పు చేస్తుంది. ఆమె అడిగితే, ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారని కమిటీలో మాట వస్తుంది. జైలు నుంచి విడుదలై వచ్చిన మనిషి వెనుక బెంచీలో కూర్చుంటే పక్కవాళ్లు కాస్త జరుగుతారు. తాగుడు మానాలని పోరాడుతున్న తమ్ముడు రెండు వారాలు రాకపోతే ఎవరూ ఫోను చేయరు. కొన్ని పల్లెల్లో ఒక పేట వాళ్లకు ఒక మందిరం, ఇంకో పేట వాళ్లకు ఇంకో మందిరం. రెండింటిలో చదివేది ఒకే బైబిలు. ప్రభువు బల్ల దగ్గర విరిచేది ఒకే రొట్టె. మధ్యలో ఉన్నది ఒక వీధే, కానీ తరాలు గడిచినా దాటలేకపోతున్నాం.

మనం దుర్మార్గులం కాబట్టి ఇలా చేయడం లేదు. భయపడి చేస్తున్నాం. డబ్బు అయిపోతుందేమో, పేరు పోతుందేమో, మన పిల్లలు చెడిపోతారేమో అని భయం. ఒకప్పుడు నమ్మి సాయం చేస్తే మోసపోయిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఉన్న నీటిని దాచుకుందామనే ఆలోచన మనది. ఎండిన నేలలో ఆకు చేసేది కూడా అదే.

అయితే మూసుకున్న ఆకుకు ఏమవుతుందో కూడా చూడాలి. నీరు మిగులుతుంది, నిజమే. కానీ కొత్త కార్బన్ డయాక్సైడ్ రాదు కాబట్టి ఆహారం తయారీ మందగిస్తుంది. ఆవిరి పోదు కాబట్టి ఆకు వేడెక్కుతుంది. కొన్నాళ్ల దాకా పచ్చగానే కనిపించినా లోపల పస్తులుంటుంది. పాత నిల్వలు తిని బతుకుతుంది. మూసుకున్న సంఘం కూడా ఇంతే. కొత్త ముఖాలు రావు, కొత్త సాక్ష్యాలు వినబడవు. తాతల కాలం మిషనరీల కథలే నిల్వ ఆహారం. బయటికి పోవలసిన వేడి లోపలే ఉండిపోతుంది. పాస్టరుగారికీ పెద్దలకీ గొడవ, ఎన్నికల్లో రెండు వర్గాలు, ఆస్తి మీద కోర్టు కేసు. ఎదుటివాడి కన్నీళ్లు తుడవడానికి వాడని చేతులు ఒకరి మీదికి ఒకరు ఎత్తుకోవడానికి పనికొస్తున్నాయి.

యోహాను సువార్త 20వ అధ్యాయంలో మనకు బాగా తెలిసిన ఒక గది ఉంది. పునరుత్థాన దినం సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. ఆ గదిని మొదటి సంఘం అంటే తప్పులేదు. ప్రభువు వచ్చి వాళ్ల మధ్య నిలిచాడు. తలుపులు ఎందుకు మూశారని గద్దించలేదు. ముందు సమాధానం పలికాడు, తన గాయాలు చూపించాడు. తండ్రి తనను పంపినట్టే వాళ్లను పంపుతున్నానని చెప్పి, వాళ్ల మీద ఊపిరి ఊదాడు. ఏదెనులో మట్టి బొమ్మలోకి ఊదిన దేవుని ఊపిరి మనకు ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. ఊపిరినీ పంపడాన్నీ ప్రభువు ఒకే సందర్భంలో ఎందుకు కలిపాడో ఆకును చూస్తే తెలుస్తుంది. ఊపిరి లోపలే బిగబట్టుకోవడానికి ఇచ్చింది కాదు. బిగబట్టినవాడు ఎంతోసేపు బతకడు.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయమైనదే. ఆకు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుందా? ఉండదు. రాత్రి మూసుకుంటుంది. నేల ఎండినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, ద్వారాలు మూసుకొమ్మని కబురు పెడుతుంది. వడగాలి వీచే మధ్యాహ్నం చాలా మొక్కలు ద్వారాలను కొంతసేపు దగ్గరగా వేసుకుంటాయి. కొన్ని తెగుళ్ల క్రిములు ఈ రంధ్రాల గుండానే లోపలికి చొరబడతాయి. వాటి జాడ తెలిస్తే ద్వారం మూసుకోవడం కూడా మొక్కకు వచ్చు. ఎడారి వేడిని తట్టుకునే నాగజెముడు పగలంతా మూసుకుని, చల్లబడిన రాత్రి మాత్రమే తెరుచుకుంటుంది. కాబట్టి కాపలా తప్పు కాదు. దొంగ బోధను లోపలికి రానివ్వకపోవడం, పిల్లల భద్రత చూసుకోవడం, సాయం అడిగినవారి అవసరం నిజమా కాదా అని విచారించడం, ఇవన్నీ కాపరి బాధ్యతలే. ప్రభువు కూడా జనసమూహాన్ని విడిచి ఏకాంతంగా ప్రార్థించడానికి కొండకు వెళ్లాడు. సేవ చేసి చేసి అలసిపోయిన పాస్టరమ్మగారు ఒక రోజు తలుపు వేసుకుని పడుకుంటే ఆమెను నిందించే హక్కు మనకెవరికీ లేదు.

తేడా ఎక్కడంటే, ఆకు మూసుకునేది మళ్లీ తెరుచుకోవడానికి. తెల్లవారితే మళ్లీ తన పనిలో ఉంటుంది. కాపలా కణాలు ద్వారం కోసం ఉన్నాయి, ద్వారం వాటి కోసం లేదు. మన దగ్గర తాత్కాలికంగా పడిన గడియ క్రమంగా ఆచారమైపోతుంది, తర్వాత అదే సిద్ధాంతమైపోతుంది. పదేళ్ల కిందట ఒకరు మోసం చేశారని ఈ రోజుకీ ఎవరికీ ఇవ్వకపోవడాన్ని జాగ్రత్త అనలేం. తెల్లవారినా తెరుచుకోని ఆకు అది.

మరి ఎలా తెరుచుకోవాలి? ఆకును చేత్తో లాగి తెరవలేం. కాపలా కణాల్లోకి నీరు చేరాలి. లోపల నిండితే ద్వారం దానంతట అదే తెరుచుకుంటుంది. అందుకే సంఘాన్ని వేదిక మీద నుంచి తిట్టి తెరిపించాలనుకునేవాళ్లు విఫలమవుతారు. ఒట్టిపోయిన మనసు ఇవ్వలేదు. కృప ముందు, క్రియ తర్వాత. క్షమించబడ్డానని తెలిసినవాడే క్షమిస్తాడు. యిర్మీయా 17వ అధ్యాయంలో దేవుణ్ని నమ్ముకున్న మనిషిని ప్రవక్త కాలువ ఒడ్డున వేరు తన్నిన చెట్టుతో పోల్చాడు. వానలు లేని ఏడు కూడా దాని ఆకు పచ్చగానే ఉంటుంది, కాపు ఆగదు. ఆ చెట్టుకూ వేసవి వస్తుంది, ఎండ తగులుతుంది. అయినా దాని ధైర్యం ఆకాశంలోని మబ్బు మీద ఆధారపడి లేదు, వేరు కింద పారే నీటి మీద ఉంది. ఉదయాన్నే వాక్యం తెరవని ఇంటి తలుపు సాయంత్రం పొరుగువాడికి తెరుచుకోవడం కష్టం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇస్తే వస్తుందని మేం అన్నది వ్యాపారం లెక్కలో కాదు. వంద రూపాయలు కానుక వేస్తే వెయ్యి వస్తాయని కొందరు బోధిస్తున్నారు. ఆ మాట నమ్మి పుస్తెలు కుదువబెట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఆకు అలాంటి బేరం చేయదు. అది వదిలిన ఆవిరి తిరిగి దాని దగ్గరికే రావాలన్న నియమం లేదు. గాలిలో కలిసి, మబ్బై, ఎక్కడో ముక్కూ ముఖం తెలియని రైతు పొలం మీద వానగా కురవవచ్చు. ఆకుకు దొరికేది తిరుగు చెల్లింపు కాదు, జీవం. సారెపతు విధవరాలు పిడికెడు పిండితో రొట్టె చేసి ఏలీయాకు పెట్టినప్పుడు ఆమె ఇంట్లో గాదెలు నిండలేదు. ఆ కరువు దాటేదాకా తొట్టిలో పిండి తరగలేదు, బుడ్డిలో నూనె అయిపోలేదు. ఆ ఇంటికి అది చాలింది.

మామిడి లాంటి చాలా చెట్లకు పత్రరంధ్రాలు ఆకు అడుగున ఉంటాయి. పైన ఎండకు మెరిసే వైపు నునుపుగా ఉంటుంది, ఊపిరి పని అంతా ఎవరూ చూడని వైపు జరుగుతుంది. కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు కొండమీది ప్రసంగంలో నేర్పించాడు. దుప్పట్లు పంచి ఫొటో దిగడం, బియ్యం బస్తా మీద దాత పేరు అచ్చువేయించడం మనకు అలవాటయ్యాయి. సాయం పుచ్చుకునే ముసలమ్మ ఫొటోలో తల దించుకుని ఉంటుంది. ఆ తల మనకు కనబడకపోతే మనం ఇచ్చినదానిలో ప్రేమ ఎంత ఉన్నట్టు?

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో అల వచ్చినప్పుడు ప్రాణవాయువు విలువ దేశమంతటికీ తెలిసివచ్చింది. సిలిండరు కోసం కొడుకులు ఊరంతా తిరిగారు. మందిరాల్లో కూడుకోవడం కష్టమైన ఆ రోజుల్లో సంఘాల్లోని యువకులు ఎందరో అన్నం పొట్లాలు మోశారు, తెలియనివాళ్ల కోసం సిలిండర్లు వెతికారు, దగ్గరి బంధువులు కూడా ముట్టుకోవడానికి భయపడిన దేహాలను గౌరవంగా సాగనంపారు. వాళ్లు క్రైస్తవులా కాదా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. మందిరాలకు తాళాలున్నా సంఘం ఊపిరి తీసింది. ఇప్పుడు తాళాలు లేవు, రంగులు వేయించాం, కొన్నిచోట్ల ఏసీలూ పెట్టించాం. ఆ రోజు తీసిన ఊపిరి ఈ రోజు తీస్తున్నామా?

ఇప్పుడు హేల్స్ దగ్గరికి తిరిగి వెళదాం. ఆకుల ఊపిరిని, గాలిని అన్నేళ్లు పరిశీలించిన ఆ పాదిరి అక్కడితో ఆగలేదు. చెడిపోయిన గాలిలో మనుషులు ఎలా బతుకుతున్నారని ఆలోచించాడు. ఆ రోజుల్లో ఓడల అడుగు గదుల్లో, జైళ్లలో గాలి ఆడేది కాదు. ఖైదీలు జ్వరాలతో రాలిపోయేవాళ్లు. ఆ జ్వరాన్ని పేలు మోసుకొస్తాయని వైద్యులకు అప్పటికి తెలియదు. అయినా ఊపిరాడని చోట ఏ మనిషీ బాగుండడని ఆయనకు తెలుసు. కొలిమి తిత్తుల పద్ధతిలో చెడు గాలిని బయటికి తోసి, మంచి గాలిని లోపలికి తెచ్చే యంత్రాన్ని తయారుచేశాడు. 1750 తర్వాతి ఏళ్లలో లండన్‌లోని న్యూగేట్ జైలుకు గాలిమరతో నడిచే అలాంటి యంత్రాన్ని అమర్చారు. దొంగలని, అప్పులు ఎగ్గొట్టినవాళ్లని లోకం తాళం వేసి మరిచిపోయిన మనుషుల గదిలోకి ఒక సంఘ కాపరి గాలి పంపాడు. పొద్దుతిరుగుడు ఆకు దగ్గర నేర్చుకున్న పాఠాన్ని ఆయన సరిగ్గా అప్పజెప్పాడని మేం అనుకుంటాం.

మన ఊళ్లో గాలి ఆడని గది ఏది? ఏ ఇంటి తలుపు కొట్టడానికి మన సంఘం భయపడుతోంది? ఈ ఆదివారం చెట్టు కింద కుర్చీలు వేసుకున్నప్పుడు ఈ ప్రశ్న మాట్లాడుకుందాం. పెద్ద పథకాలు అక్కర్లేదు. ఆకు ఒక్కసారిగా ఏమీ చేయదు, కంటికి కనబడనంత చిన్న ద్వారాలు కొన్ని తెరుస్తుంది, అంతే. ఆ విధవరాలి కూతురి ఫీజు సంగతి వచ్చే కమిటీ మీటింగులో మొదటి అంశంగా పెట్టవచ్చు. రెండు వారాలుగా రాని తమ్ముడికి ఈ సాయంత్రమే ఫోను చేయవచ్చు. ఆ అవతలి పేట సంఘంతో కలిసి ఒక్కసారి ప్రభువు బల్ల పంచుకోవచ్చు. కొంత పోతుంది, నిజమే. పోయినచోటే కొత్తది రావాలి కదా!

ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో జీవవృక్షం ఆకులు జనముల స్వస్థత కోసమని యోహానుకు చూపించబడింది. ఆ చెట్టు ఆకులు తమ పచ్చదనాన్ని తామే కాపాడుకోవడానికి లేవు. ఆ చెట్టుకు అంటుకట్టబడిన మనమూ లేము.

ప్రభువా, మా లోపల నీ జీవజలం నింపు. మేము మూసుకున్న చోట్ల మమ్మల్ని తెరువు. ఆమేన్.